ట్రాక్టర్ ట్రాలీకి టైర్లు: కొత్తవా, రీబటనా, సెకండ్ హ్యాండా – ఏది మేలు?

ట్రాక్టర్ వెనక టైర్లు మార్చాలంటే నాలుగు షాపులు తిరిగి, కంపెనీ కంపెనీకీ రేటు అడిగి, పక్క రైతుని కనుక్కొని మరీ కొంటాం. అదే ట్రాలీ టైర్ల దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి పడేయండి, తిరిగితే చాలు" అంటాం. ఖర్చు పెరిగేది అక్కడే. ట్రాలీకి ఇంజను లేదు, స్టీరింగు లేదు, చాలావాటికి బ్రేకులు కూడా ఉండవు. నేలను పట్టి లాగాల్సిన పని దాని టైరుకు లేదు. బరువు మోయడం ఒక్కటే దాని పని. కాబట్టి పైన బటన్ (నేలకు తగిలే గాళ్ల రబ్బరు) ఎంతుందో తర్వాత చూడొచ్చు, లోపల కేసింగ్ (దారాల పొరలతో ఉండే టైరు ఒళ్లు) ఎంత గట్టిగా ఉందో ముందు చూడాలి.

ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. మీ ట్రాలీ టైర్లు ఇన్నాళ్లూ ఎలా పోతున్నాయి? రైతు ట్రాలీ కోతలప్పుడు, ఎరువులప్పుడు తిరిగి, మిగతా ఏడాదంతా దొడ్లో ఎండకు నిలబడి ఉంటుంది. దాని టైరు అరిగిపోవడం అరుదు. రబ్బరు ఎండి, సైడుల్లో సన్నగా పగుళ్లు పాకి, చివరికి నిండు బరువు మీద ఒక రోజు పేలుతుంది. ఇసుక, ఇటుక, కంకర తోలే బండి అలా కాదు. వయసు మీద పడకముందే దాని బటన్ పోతుంది. ఈ రెండు బళ్లకూ ఒకే టైరు మేలని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ముందు బరువు లెక్క

కోస్తాలో ధాన్యం బస్తా 75 కిలోలు. 60 బస్తాలు వేస్తే 4,500 కిలోలు. ఖాళీ ట్రాలీ 1,500 కిలోలు అనుకుంటే మొత్తం 6,000. నాలుగు చక్రాల ట్రాలీ అయితే ఒక్కో టైరు మీద 1,500 పడుతుంది. రెండు చక్రాలదైతే కొంత బరువు ట్రాక్టర్ హుక్కు మీదికి పోతుంది. అది ఒక టన్ను అనుకున్నా, మిగిలిన 5,000 కిలోలు రెండు టైర్లే మోయాలి, అంటే ఒక్కోటి 2,500. ఇసుక తోలేవాళ్లకు వంద ఘనపు అడుగులంటే 2.83 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు పొడి ఇసుక 1.6 టన్నుల చొప్పున చూసినా నాలుగున్నర టన్నులు. ఏట్లోంచి అప్పుడే తీసిన తడి ఇసుక ఇంకా బరువు.

ఇప్పుడు టైరు సైడు మీద చూడండి. సైజు పక్కన 122/120 ఎల్ లాంటి అంకెలుంటాయి. మొదటి అంకె ఒంటి చక్రానికి, రెండోది లారీ వెనక ఉండే జంట చక్రాలకు. ట్రాలీకి మొదటిదే చూడాలి. 121 అంటే 1,450 కిలోలు, 122 అంటే 1,500, 130 అంటే 1,900, 135 అంటే 2,180, 140 అంటే 2,500. చివరి అక్షరం స్పీడుకు సంబంధించింది. ఏ8 అంటే గంటకు 40 కిలోమీటర్లు, ఎల్ అంటే 120. కొన్ని టైర్ల మీద కిలోలు నేరుగానే వేసి ఉంటాయి. పైన లెక్కేసిన నాలుగు చక్రాల ట్రాలీకి 122 టైర్లు వేస్తే 60 బస్తాల దగ్గరే హద్దు ముగిసింది. బండి ఒక పక్కకు ఒరిగినా, గుంటలో పడినా ఒక టైరు మీద హద్దు దాటిన బరువు పడుతుంది. బస్తాలు తగ్గించాలి, లేదా పై అంకె టైరుకు వెళ్లాలి.

పీఆర్ (ప్లై రేటింగ్, అంటే టైరు బలం) అంకె దగ్గర చాలామంది మోసపోతారు. 16 పీఆర్ అంటే లోపల పదహారు పొరలు ఉన్నాయని కాదు, అంత బలానికి సమానమని. 7.50-16 సైజు (7.50 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము) ట్రాక్టర్ ముందు చక్రానికీ వస్తుంది, టాటా 407 లాంటి బండికీ వస్తుంది. సైజు ఒకటే, రిమ్ము మీదికి రెండూ ఎక్కుతాయి, మోసే బరువులో మాత్రం చాలా తేడా. ముందు చక్రం టైరు సాధారణంగా 8 పీఆర్, 407 టైరు 16 పీఆర్. "పదహారు రిమ్మే కదా" అని ట్రాక్టర్ నుంచి దించిన ముందు టైరును ట్రాలీకి ఎక్కించడం పల్లెల్లో మామూలే. ఖాళీ నీళ్ల ట్యాంకరు ఇంటికి తెచ్చుకోవడానికి సరిపోతుందేమో గాని, ధాన్యానికి, ఇసుకకు పనికిరాదు.

కొత్త టైరు

ఏడాదికి కొద్ది రోజులే తిరిగే రైతు ట్రాలీకి కొత్తదే చవక. రేటు చూసి భయపడేవాళ్లు దాన్ని సంవత్సరాలతో భాగించి చూడాలి. ఈ బండి మీద బటన్ అరగదు కాబట్టి టైరు ఎన్నేళ్లు ఉంటుందన్నది రబ్బరు వయసే చెబుతుంది. కొత్త రబ్బరుకు పెట్టిన డబ్బు ఏళ్ల లెక్కన తిరిగొస్తుంది. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే వీటిలో ఏది తీసుకున్నా ఫరవాలేదు. కంపెనీ కంటే తేదీ ముఖ్యం. సైడు మీద నాలుగంకెల కోడు ఉంటుంది. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. ట్రాలీ సైజులు షాపుల్లో నెమ్మదిగా అమ్ముడవుతాయి, గోడౌనులో రెండు మూడేళ్లు పడి ఉన్నవి కూడా "కొత్తవే" అని బిల్లు చేస్తారు. ఆరు నెలల లోపుది ఇమ్మని అడగండి. ఏడాది దాటితే రేటు తగ్గించమనండి. రెండేళ్లు దాటితే వద్దనండి.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ టైర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, లారీ, వ్యాను టైర్ల మీద 28 నుంచి 18 శాతానికి దిగింది. ట్రాలీ సైజులు రెండు వర్గాల్లోనూ ఉంటాయి కాబట్టి బిల్లులో ఏ శాతం వేశారో చదువుకోవాలి.

కొత్తదాంట్లో కూడా గీతల బటన్ తీసుకోవాలి. బళ్ల ముందు చక్రాలకు వచ్చినట్టు చుట్టూ నిలువు గీతలుండే రకం ట్రాలీకి సరిగ్గా సరిపోతుంది. తేలిగ్గా దొర్లుతుంది, మట్టి తక్కువ పట్టుకుంటుంది. అడ్డ గట్ల బటన్ లాగే చక్రానికి కావాలి. ట్రాలీకి వేస్తే డీజిల్ దండగ.

రీబటన్

రీబటన్ అంటే అరిగిన టైరు కేసింగ్ మీద కొత్త బటన్ వేయించడం. తోలకం బండికి దీన్ని మించిన పొదుపు లేదు. ఒక్కటే షరతు, కేసింగ్ మీదే అయి ఉండాలి. రీబటన్ ఖర్చు మామూలుగా కొత్త టైరు ధరలో సగం కూడా కాదు. కొత్తది వంద అయితే రీబటన్ నలభై అనుకుందాం. కొత్తది నడిచినదాంట్లో సగం దూరం నడిచినా మీకు లాభమే. ట్రాలీ నడిచేది నెమ్మదిగా. స్పీడుకు పుట్టే వేడి ఇక్కడ తక్కువ, స్టీరింగు చక్రం కూడా కాదు. లారీ ముందు చక్రానికి రీబటన్ వేయడం తప్పు గాని, ట్రాలీకి తప్పు కాదు.

హాట్ పద్ధతిలో పచ్చి రబ్బరు చుట్టి, అచ్చులో పెట్టి 150 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. కోల్డ్ పద్ధతిలో ముందే ఉడికి, గీతలు పడి ఉన్న పట్టీని పలుచటి గమ్ పొరతో అంటించి, ఛాంబరులో 100 డిగ్రీల దరిదాపుల్లో పట్టిస్తారు. పాత కేసింగ్‌కు రెండోసారి అంత వేడి తగలదు కాబట్టి కోల్డే మేలు. హాట్ కొంచెం చవక. కాని అప్పటికే ఎండిన నైలాన్ (నైలాన్ దారాల పొరలుండే) కేసింగ్‌ను 150 డిగ్రీల్లో మళ్లీ ఉడికిస్తే దాని ఆయుష్షు ఇంకా తగ్గుతుంది.

రీబటన్ ఊడిపోయిందని తిట్టుకునే సందర్భాల్లో తప్పు ఎక్కువగా కేసింగ్‌దే. నున్నగా అయ్యేదాకా, దారం బయటపడేదాకా నడిపి తెస్తే ఏ షాపువాడూ దాన్ని బతికించలేడు. బటన్ గాడి లోతు మూడు మిల్లీమీటర్లు ఉండగానే దించాలి. చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, అక్కడిదాకా ఆగితే రాళ్ల గాట్లు దారం దాకా దిగి ఉంటాయి. గాటులోంచి దిగిన నీరు పొరల మధ్యకు చేరి, ఉడికించేటప్పుడు ఆవిరై ఉబ్బు తెస్తుంది. మంచి షాపులో ముందు కేసింగ్ లోపల లైటు వేసి చూస్తారు, తర్వాత రుద్ది, గాట్లు కోసి నింపి, ఆ తర్వాతే రబ్బరు ఎక్కిస్తారు. టైరు చూడకుండానే రేటు చెప్పే చోట ఇవ్వకండి.

ఇచ్చే ముందు సైడు మీద ఉన్న సీరియల్ నంబరు ఫోనులో ఫొటో తీసుకోండి. వెళ్లిన కేసింగే తిరిగి రావాలి. "మీది లేటవుతుంది, ఇదిగో రెడీగా ఉన్నది తీసుకెళ్లండి" అన్నారంటే ఎవరి పాత టైరో మీ చేతికొస్తున్నట్టు. ఒక కేసింగ్‌కు ట్రాలీ మీద ఒకసారి రీబటన్ నిశ్చింతగా చేయించొచ్చు. రెండోసారికి కేసింగ్ వయసు ఐదేళ్లు దాటితే ఆపేయడమే మంచిది. రైతు ట్రాలీకి రీబటన్ దండగ అనేది కూడా ఇందుకే. ఎండి పగిలిన కేసింగ్ మీద కొత్త బటన్ వేస్తే, అరగని చోట డబ్బు పెట్టినట్టే.

సెకండ్ హ్యాండ్

407లు, ఐషర్లు దించేసిన 7.50-16 టైర్లు పాత టైర్ల షాపుల్లో గుట్టలుగా దొరుకుతాయి. బటన్ సగం ఉంటుంది, రేటు కొత్తదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. కంటికి బాగుంటాయి, చాలామందికి ఇదే నచ్చుతుంది. నా లెక్కలో మూడింట్లో చివరిది ఇదే. సగం బటన్ ఉన్న టైరును వ్యాను ఓనరు ఎందుకు దించాడన్నది షాపువాడు చెప్పడు. గాలి లేకుండా నడిచి లోపలి దారాలు తెగి ఉండొచ్చు. రేడియల్ (ఉక్కు తీగల పొరలుండే టైరు) అయితే గాలి లేకుండా నడిచినప్పుడు సైడు ఉక్కు తీగలు వంగి వంగి బలహీనపడి, మళ్లీ గాలి పట్టేటప్పుడు జిప్పు విప్పినట్టు చీలుతుంది, పక్కన నిలబడిన మనిషి ప్రాణానికే ముప్పు.

తప్పనిసరిగా కొనాల్సి వస్తే టైరును రిమ్ము మీద ఉండగా కాదు, విప్పించి చూడండి. లోపల అరచేతితో చుట్టూ తడమండి. నైలాన్ టైరులో దారం తెగితే ఏటవాలుగా గీతలా తగులుతుంది, ఒక్కోసారి ఇంటూ గుర్తులా కనిపిస్తుంది. ప్యాచీలు లెక్కపెట్టండి. లోపల గేటరు (కోత మీద వేసే పెద్ద ప్యాచీ) వేసిన టైరు అసలు ముట్టుకోవద్దు, కోత ఎంత పెద్దదో దాని కింద కనిపించదు. బయట చిన్న సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ పోతే గట్టి శబ్దం ఉన్నట్టుండి బోలుగా మారిన చోట పొర విడిపోయింది. సైడును మోకాలితో నొక్కి వంచండి. పగుళ్లు తెరుచుకుని లోపల దారం కనిపిస్తే వదిలేయండి. బీడు (రిమ్ములో కూర్చునే అంచు) దగ్గర తీగ బయటికొచ్చినా అంతే. పైపైన నల్లగా మెరిసేది రంగే కావచ్చు. తడి గుడ్డతో తుడిచి చూడండి. ఇన్ని పరీక్షలూ దాటినా తేదీ కోడు నాలుగేళ్ల లోపు ఉండాలి. అలాంటిది దొరికితే స్టెప్నీకి వాడుకోండి.

7.50నా, 9.00నా?

7.50 అంటే దాదాపు 190 మిల్లీమీటర్ల వెడల్పు, 9.00 అంటే 229. మాగాణిలోకి దిగే ట్రాలీకి 9.00-16 నిజంగా మేలు. తక్కువ దిగబడుతుంది, అదే పీఆర్‌లో ఎక్కువ బరువు మోస్తుంది. రోడ్డు మీదే తిరిగే బండికి ఆ అదనపు డబ్బు అనవసరం. మార్చాలనుకుంటే ఇరుసుకు రెండు పక్కలా ఒకేసారి మార్చాలి, ఎత్తు తేడా వస్తే తొట్టి ఒక పక్కకు ఒరిగి తక్కువ ఎత్తు టైరు మీదికి బరువు జరుగుతుంది. పాత రిమ్ము వెడల్పు 9.00కు సరిపోతుందో, టైరుకూ స్ప్రింగు కట్టలకూ మధ్య నిండు బరువులో కూడా రెండు వేళ్ల సందు మిగులుతుందో చూడండి. ఒకే ఇరుసుకు ఒక పక్క రేడియల్, ఒక పక్క నైలాన్ వేయకండి. రాళ్ల బాటల్లో, గట్ల మీద నైలానే ఎక్కువ ఓర్చుకుంటుంది. రేడియల్ సైడు పలుచన, గట్టు రాయి కోస్తే పోయినట్టే.

ఎక్కించేటప్పుడు

టైరు లోపలి అంచే అరుగుతోందంటే ఏ టైరు వేసినా అంతే, ఇరుసు వంగింది. నిండు బరువు మీద రెండు టైర్ల పై అంచుల మధ్య, కింది అంచుల మధ్య దారం పట్టి కొలవండి. పైన దూరం తక్కువ ఉంటే ఇరుసు మధ్యలో కుంగినట్టు. ముందు దాన్ని సరిచేయించండి.

కొత్త టైరులో పాత ట్యూబు వేయొద్దు. సాగిన ట్యూబు మడత పడి ఆ మడత దగ్గరే తెగుతుంది. ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ) కూడా కొత్తదే. ట్యూబుకు పౌడరు రాసి, కొంచెం గాలితో టైరులో సర్ది, పూర్తిగా పట్టించి, మొత్తం వదిలేసి, మళ్లీ పట్టిస్తే మడతలు పోతాయి. లాక్ రింగు (టైరును రిమ్ము మీద పట్టి ఉంచే ఇనుప రింగు) ఉన్న రిమ్ములకు గాలి పట్టేటప్పుడు రింగు చుట్టూ గొలుసు వేయించి, మీరు ఎదురుగా కాకుండా టైరు బటన్ వైపు నిలబడండి. గాలి ఉండగా రింగును సుత్తితో కొట్టనివ్వొద్దు. కూర్చోలేదంటే గాలి మొత్తం తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఎంత గాలి అన్నది సైడు మీదే ఉంటుంది, కేపీఏలో ఉంటే ఏడుతో భాగిస్తే సుమారు పీఎస్ఐ వస్తుంది. 550 కేపీఏ అంటే 80 పీఎస్ఐ. సైడు మీద ఉన్న బరువు అంకె ఆ గాలి ఉన్నప్పుడే నిజం. సగం గాలితో నిండు బరువు తోలితే సైడు మడిచి మడిచి వేడెక్కి, భుజం (బటన్, సైడు కలిసే చోటు) దగ్గర పొర విడిపోతుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజి పెట్టి చూడాలి, కాలితో తన్ని చూస్తే 16 పీఆర్ టైరు సగం గాలిలో కూడా గట్టిగానే ఉంటుంది. మొదటి లోడు దించిన వెంటనే చక్రం నట్లు మళ్లీ బిగించండి. సీజను అయ్యాక ట్రాలీని ఖాళీ చేసి, ఇరుసు కింద దిమ్మెలు పెట్టి టైర్లు నేల నుంచి లేపి, గోనెలు కప్పండి. డీజిల్, గ్రీజు తగిలిన చోట సబ్బు నీళ్లతో కడగండి.