టాంగ్ నానో 9కె, ఏడాది వాడాక: కథంతా 26 బ్లాకుల దగ్గరే

టాంగ్ నానో 9కె ఒక చిన్న ఎఫ్‌పీజీఏ బోర్డు, అంటే లోపలి సర్క్యూట్‌ను మన కోడ్‌తో మనమే కట్టుకునే చిప్ ఉన్నది. బోర్డు మీదే హెచ్‌డీఎంఐ ఉంది, ప్రోగ్రామర్ ఉంది, రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. ఇవి అందరికీ తెలిసినవే. ఇమేజ్ ప్రాసెసింగ్ మినీ ప్రాజెక్టుకు ఇది ఆగుతుందా లేదా అన్నది దాని 8,640 లట్‌లు (లాజిక్ కట్టే చిన్న గదులు) తేల్చవు, చిప్ లోపలి మెమరీ బ్లాకులు, అంటే బ్లాక్ ర్యామ్ తేలుస్తుంది. డేటాషీట్‌లో 468 కిలోబిట్లు (ఇక్కడ కిలో అంటే 1,024) అని చూసి ప్రాజెక్టు టైటిల్ ఖాయం చేసుకుంటే రెండో రివ్యూకల్లా ఇరుక్కోవడం ఇక్కడే.

18 కిలోబిట్ల బ్లాకులు 26 ఉన్న మాట నిజమే. కానీ ప్రతి 18లో రెండు పారిటీ (తప్పులు పట్టడానికి ఉంచే అదనపు బిట్లు) వాటా. డేటా వెడల్పు 9, 18, 36 పెట్టుకుంటే తప్ప అవి చేతికి రావు. ఎనిమిది బిట్ల పిక్సెల్‌కు బ్లాకుకు 16 కిలోబిట్లే మిగులుతాయి, మొత్తం 416. 320×240 గ్రే (రంగుల్లేని) ఫ్రేముకు 600 కావాలి. పట్టదు. నాలుగు బిట్లకు కోస్తే 19 బ్లాకుల్లో కూర్చుంటుంది, 160×120కి దిగితే ఎనిమిది బిట్లతోనే 10 చాలు.

ఇంత ఇరుకులోనూ ఈ బోర్డు మీద మోజు పుట్టించిన సంగతి ఒకటుంది. ఎనుమాముల మార్కెట్ పక్కనుండగా వరంగల్ పిల్లలకు మిర్చి టైటిల్ తట్టకుండా ఉండదు: ఎర్ర కాయను, రంగు వెలిసిన తాలు కాయను వేరు చేయాలి. 640×480 రంగుల ఫ్రేము దాచాలంటే 4,800 కిలోబిట్లు. అసలు దాచడం ఎందుకు? ఓవీ7670 కెమెరా ఒక్కో పిక్సెల్‌కు రెండు బైట్లు పంపుతుంది. రెండోది అందగానే పోల్చేయండి. ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ తక్కువ అయితే పండు కాయ. రెండూ ఎక్కువైతే తాలు. దాచాల్సింది ఆ ఒక్క బిట్టే. అలా పిక్సెల్‌కు ఒక్క బిట్టుతో అవునో కాదో చెప్పే చిత్రమే మాస్కు. పూర్తి 640×480 మాస్కుకు 300 కిలోబిట్లు, అంటే 19 బ్లాకులు. ఇంకా ఏడు మిగులుతాయి. తర్వాత గ్రే మీద 3×3 సోబెల్ (అంచులు పట్టే ఫిల్టర్) పెట్టాలనిపించినా, రెండు గీతలు దాచుకునే రెండు లైన్ బఫర్లకు రెండు బ్లాకులు పోతాయి, అంతే. బ్లాకుకు ఉన్న రెండు పోర్టుల్లో కెమెరా ఒకదాంట్లో సెకనుకు 30 ఫ్రేములు రాస్తుంటే హెచ్‌డీఎంఐ రెండో పోర్టులో 60 చదువుకుంటుంది, రెండు క్లాకుల తగాదా అక్కడితో తీరుతుంది. బోర్డు మీది 27 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను పీఎల్ఎల్‌లో (క్లాక్ వేగం మార్చే భాగం) 14తో హెచ్చించి 3తో భాగిస్తే 126, దాన్ని 5తో భాగిస్తే 25.2. 640×480కి అచ్చంగా కావలసిన క్లాక్ అదే.

ఎరుపు, తాలు, నేపథ్యం మూడూ తెర మీద వేరువేరుగా చూపించమని గైడ్ అడిగితే మాత్రం పిక్సెల్‌కు రెండు బిట్లు, 38 బ్లాకులు. కుదరదు. తాలు మాస్కు ఒక్కటే చూపించి, రెండు రకాల పిక్సెళ్లనూ కౌంటర్లలో లెక్కపెట్టుకోవాలి.

ఆ 19 కూడా అడ్రస్ సరిగ్గా కడితేనే. వై తొమ్మిది బిట్లు, ఎక్స్ పది బిట్లు పక్కపక్కన అతికించి అడ్రస్ చేస్తే 640 తర్వాత 1,024 దాకా ఖాళీ గదులకూ చోటు పోతుంది. 32 బ్లాకులు అడుగుతుంది, ఉన్నవి 26. వైని 9 స్థానాలు, 7 స్థానాలు ఎడమకు జరిపి రెండింటినీ కూడి, ఎక్స్ కలపాలి. చదివే డేటాను క్లాక్ అంచు మీద రిజిస్టర్ చేయకపోయినా, మెమరీ అర్రేకు రీసెట్ పెట్టినా టూల్ (కోడ్‌ను చిప్‌లో అమర్చే సాఫ్ట్‌వేర్) దాన్ని బ్లాకుల్లో పెట్టదు, లట్‌లు, రిజిస్టర్లతో కట్టబోయి చతికిలబడుతుంది.

ఇక వారాలు తినేసింది కోడ్ కాదు, జంపర్ వైర్లు. 20 సెంటీమీటర్ల వైర్లతో కెమెరా తగిలిస్తే మాస్కులో చారలు: గీత మధ్యలో ఎక్కడో మొదలై కుడి అంచు దాకా ఒక తెల్ల చార, కింది గీత మళ్లీ శుభ్రం. థ్రెషోల్డ్ (ఎక్కువ, తక్కువలకు పెట్టుకున్న హద్దు) ఎంత మార్చినా పోదు. కారణం పిక్సెల్ క్లాక్ తీగ. 24 మెగాహెర్ట్జ్ దగ్గర అది మోగి (సిగ్నల్ ఊగిసలాడి) ఒక అంచు రెండుగా కనిపిస్తుంది, మొదటి బైటు, రెండో బైటు తారుమారవుతాయి, హెచ్‌రెఫ్ (గీత మొదలు, చివర చెప్పే సిగ్నల్) దిగి మళ్లీ లేచేదాకా రంగులన్నీ తప్పే. మందు: ఆ తీగ 10 సెంటీమీటర్లు మించకూడదు, గ్రౌండ్ తీగను దానికి మెలిపెట్టాలి, కెమెరా వైపు 47 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో వేయాలి. అప్పటికీ పోకపోతే 25.2ను సగం చేసి కెమెరాకు 12.6 ఇవ్వండి. సెకనుకు 15 ఫ్రేములే వస్తాయి, కదలని మిర్చికి అది ఎక్కువే.

కెమెరా పలకకపోతే ముందు హెక్స్ 0ఏ రిజిస్టర్ చదవండి, 76 రావాలి. రాకపోతే రిజిస్టర్లు చదివే డేటా తీగకు 4.7 కిలోఓమ్‌ల పుల్అప్ (తీగను పై వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) ఉందా చూడాలి. కెమెరా రీసెట్‌ను 3.3 వోల్టులకు, పవర్‌డౌన్‌ను గ్రౌండ్‌కు కట్టేస్తే బోర్డుకు కలపడానికి మిగిలేవి 14 పిన్నులు. బోర్డు పిన్నుల్లో 79 నుంచి 86 వరకు ఉన్నవి 1.8 వోల్టుల బ్యాంకువి, కెమెరా జోలికి తీసుకురావద్దు. టూల్‌లో డివైస్ ఎంచుకునేటప్పుడు 9 కాదు, 9సీ.

పైన చెప్పిన రంగుల పోలిక అంత నిలకడైనదేం కాదు. తాలు కాయల కుప్ప ఎదురుగా రాగానే ఆటో వైట్ బ్యాలెన్స్ రంగును లాగేస్తుంది, పొద్దున కుదిరిన థ్రెషోల్డ్ సాయంత్రానికి పనికిరాదు. హెక్స్ 13 రిజిస్టర్‌లో చివరి మూడు బిట్లు సున్నా చేసి, గెయిన్లు, ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టి, మీద ఒక ఎల్ఈడీ లైటు స్థిరంగా ఉంచాలి. అలాగే బ్లాకులు కాక 64 మెగాబిట్ల పీఎస్‌ర్యామ్ అనే పెద్ద మెమరీ ఉందిగా అని ధైర్యపడొద్దు. డేటాను గుంపులుగా పంపే బరస్టులు, రెండు వైపులా ఫిఫోలు (డేటా వరుసలో ఆగే క్యూలు), మధ్యలో ఎవరి వంతో తేల్చే ఆర్బిటర్... ఒక సెమిస్టర్‌లో అదే మరో ప్రాజెక్టు.

320×240 గ్రే తప్పదంటే టాంగ్ నానో 20కె తీసుకోవచ్చు, దాని 46 బ్లాకుల్లో 38తో సరిపోతుంది. కాలేజీ ల్యాబులో బేసిస్ 3 అనే పెద్ద ఎఫ్‌పీజీఏ బోర్డు ఖాళీగా ఉండి, డెమోకు నెలే మిగిలి ఉంటే అదే అడిగి తీసుకోవడం నయం. దాంట్లో 1,800 కిలోబిట్ల బ్లాక్ ర్యామ్ ఉంది, ఈ కోతలన్నీ అక్కర్లేదు. కాకపోతే సాయంత్రం ల్యాబుకు తాళం పడుతుంది. హాస్టల్ గదిలో, పాత ల్యాప్‌టాప్‌తో, రాత్రి పదకొండుకు చార ఎక్కడ మొదలైందో వెతుక్కునేవాళ్లకు ఈ 9కెనే.