కొలువు పక్కన పాటా, కృష్ణానగర్‌లో గదా?

పాట మీద ఇష్టమున్నవాళ్లు కొలువు చేసుకుంటూ పాడాలా, సినిమా అవకాశాల కోసం హైదరాబాద్‌లో గది తీసుకోవాలా? నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లే. బస్సెక్కడం తేలిక. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు కూడా. అసలు తిప్పలు గది తీసుకున్నాక మొదలవుతాయి.

సినిమా అవకాశాల కోసం వచ్చినవాళ్లు ఉండే కృష్ణానగర్‌లో నలుగురైదుగురు కలిసి ఒకే గదిలో ఉంటారు. జూనియర్ ఆర్టిస్టుకు పిలుపు వస్తేనే ఆ రోజు కూలి. రానప్పుడు ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది" అనాలి. ఆ అబద్ధం చెప్పడమే పెద్ద టెన్షన్ అని నా అనుమానం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: పేరు వస్తే అక్కడి నుంచే వస్తుంది.

కొలువు ఉంచుకుని పాడేవాళ్ల సంగతి వేరు. గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న ప్రభుత్వ ఉద్యోగం చేస్తూనే ఊరూరా పాడారు, 2021కి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. సుద్దాల అశోక్ తేజ కూడా ముందు బడిపంతులే. తర్వాత సినిమాల్లోకి వెళ్లి 2003కి పాటల రచయితగా జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. నెల జీతం ఉంటే నచ్చని పాటకు "రాయను" అనొచ్చు. కాకపోతే సెలవు దొరకదు, రిహార్సల్ ఆదివారానికి పోతుంది.

కొలువూ, కృష్ణానగర్ గదీ రెండూ లేనివాళ్లూ ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, సినిమా పాటా దక్కింది. 2024లో ఆయన కూలిపని చేస్తున్న ఫొటోలూ చూశాం. పద్మశ్రీతో పాటు డబ్బేమీ ఇవ్వరు మరి.

మా తమ్ముడు అడిగితే డీఎస్సీ పుస్తకాలు మూయొద్దనే చెప్పాను. వాడు ఇంకా ఆలోచిస్తున్నాడు.