రొయ్యల గుంటల దారికి ఏ పికప్, ఏ ఇంజిన్?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్లు వానకు సబ్బులా జారతాయి. అక్కడికి నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ కావాల్సిందే. ఇసుజు హైల్యాండర్ ధర తక్కువే గానీ అది టూ వీల్ డ్రైవ్, వెనక చక్రాలే తోస్తాయి. బస్తాల్లేని ఖాళీ బండికి వెనక బరువుండదు, తడి గట్టెక్కితే వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. దాని డబ్బుకు ఇంకొంచెం చేర్చి ఇసుజుదే వీ-క్రాస్ జెడ్ ఫోర్ బై ఫోర్ మాన్యువల్ తీసుకోండి. 1.9 లీటర్ల డీజిల్, పవర్ 163 పీఎస్, లాగే బలం (టార్క్) 360 ఎన్ఎం. దాని పై రకం ప్రెస్టీజ్‌లోనూ ఇదే ఇంజిన్. అదనపు డబ్బు సోకులకు, కొన్ని భద్రతా సౌకర్యాలకు; ఆ డబ్బుతో మంచి ఆల్ టెరైన్ టైర్లు వస్తాయి.

టొయోటా హైలక్స్‌ది 2.8 లీటర్లు, 204 పీఎస్. మాన్యువల్‌కు 420, ఆటోమేటిక్‌కు 500 ఎన్ఎం. చీమకుర్తి క్వారీ ఎత్తుల్లో రోజూ తిరిగేవాళ్లకు ఆ ఆటోమేటిక్కే సుఖం, క్లచ్ అరుగుదల బాధ ఉండదు.

బీఎస్6 డీజిల్‌తో ఒక జాగ్రత్త. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిప్పితే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. వారానికోసారి హైవే మీద అరగంట ఆగకుండా నడపండి. ఆరిన తారురోడ్డు మీద 4హెచ్ (ఫోర్ వీల్ డ్రైవ్ గేరు) వేయకండి, మలుపుల్లో గేర్లు బిగుసుకుని, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. మైపాడు బీచ్ ఇసుకలో టైర్ల గాలి 18 పీఎస్ఐకి దించి, రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. ఉప్పుగాలికి ఛాసిస్ తుప్పు పడుతుంది, అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి.