ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) స్టూడెంట్‌గా వాలంటీరింగ్: వెళ్తే భోజనాల టైముకే వెళ్లండి

సికింద్రాబాద్ వైపు ఒక ట్రస్టు నడిపే పిల్లల థెరపీ సెంటర్‌లో శనివారాలు వాలంటీర్‌గా చేస్తున్నాను. చదివేది బీఓటీ మూడో ఏడాది, అంటే తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ. సెంటర్ పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. పైగా మా జూనియర్లు అడిగేది ఆ ఒక్క సెంటర్ గురించి కాదు, ఇలాంటి చోటికి వెళ్తే మనకేమైనా ఒరుగుతుందా అని. ఒరుగుతుంది, కానీ వాళ్లు అప్పజెప్పిన పని చేసుకుంటూ కూర్చుంటే మాత్రం కాదు.

ముందు తిట్లు కానిచ్చేస్తాను. వెళ్లగానే మన చేతిలో పెట్టేది రిజిస్టర్. ఎవరొచ్చారు, ఏ టైముకొచ్చారు, ఫీజు కట్టారా లేదా. అది అయ్యాక బాల్ పూల్‌లో బంతులు తుడవడం. దాతలు వచ్చే రోజైతే ఇక థెరపీ ఊసే ఉండదు, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కేక్ కోయించి, మైకు పెట్టి, చప్పట్లు కొట్టించి ఫొటోలు తీస్తారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ గోల పడదని అక్కడున్న అందరికీ తెలుసు, ఒక పాప చెవులు మూసుకుని బల్ల కిందకి దూరిపోయినా కెమెరా ఆగలేదు. తల్లిదండ్రుల్ని అడిగి తీస్తున్నారా అంటే "ఫండ్స్ రావాలి కదమ్మా" అన్నారు. ఫండ్స్ రావాలి, నిజమే. అడగడానికి పైసా ఖర్చు లేదు, అదీ నిజమే.

ఇంకో సంగతి, శనివారం అక్కడ ఓటీ మేడమ్ ఉండేది పొద్దున కాసేపే. తర్వాత మనం ఏం చేసినా చూసి తప్పొప్పులు చెప్పేవాళ్లు ఉండరు. ఆ మేడమ్ ఉన్నంతసేపు మాత్రం బంగారం, ప్రశ్న అడిగితే విసుక్కోరు, పిల్లాడి చెయ్యి పట్టుకుని చూపించి మరీ చెప్తారు.

ఇప్పుడు అసలు విషయం. వాలంటీర్లందరూ సెన్సరీ రూమ్ కోసం ఎగబడతారు, ఉయ్యాలలు, థెరపీ బాల్స్, వేళ్లతో పిసికే రంగురంగుల పుట్టీ, చూడటానికి బాగుంటుంది కదా. నా మాట విని మీరు మధ్యాహ్నం భోజనాల హాల్ అడగండి. దానికి పోటీ ఉండదు, ఎందుకంటే పప్పు బట్టల మీద పడుతుంది.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో లేకపోవడం) ఉన్న ఒక బాబు ఉన్నాడు, ముంజేయి లోపలికి తిరిగి బిగుసుకుపోతుంది. పుస్తకంలో ఉన్నట్టే లావు పిడి ఉన్న స్పూన్, కింద జారకుండా రబ్బరు మ్యాట్, అన్నీ అమర్చి పెట్టాం. అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆయమ్మ చూసి "స్పూన్ ఎందుకు బిడ్డా, ఇంటికి పోతే చేత్తోనే గదా తినేది" అంది. రబ్బరు మ్యాట్ తీసి కంచం కింద తడిగుడ్డ వేసింది, ఒక పీట తెచ్చి బాబు మోచెయ్యి దాని మీద ఆనించింది, అన్నం కాస్త ముద్దగా కలిపింది. మోచేతికి ఆసరా దొరికేసరికి భుజం వణుకు తగ్గింది, వాడు అయిదు వేళ్లూ కూడదీసి ముద్ద నోటిదాకా తెచ్చుకున్నాడు, సగం గడ్డానికి పూసుకున్నాడనుకోండి. ఇంటికొచ్చి నేను తింటూ నా చెయ్యే గమనించాను: వేళ్లు ముద్దను కూడదీస్తాయి, ముంజేయి పైకి తిరుగుతుంది, చివర్లో బొటనవేలు ముద్దను నోట్లోకి తోస్తుంది. ఒక పనిని చిన్న చిన్న కదలికలుగా విడదీసి చూడటాన్ని యాక్టివిటీ అనాలిసిస్ అని క్లాసులో పేజీలకు పేజీలు రాశాం, దాన్లో ఫోర్క్ ఉంది, కత్తి ఉంది, చేత్తో పప్పన్నం తినడం లేదు.

భోజనాల తర్వాత బట్టలు మార్చే పని కూడా వదలకండి. ఒక వైపు బలం తక్కువున్న పిల్లలకి చొక్కా వేసేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, తీసేటప్పుడు అదే చెయ్యి చివర. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న అది. గిజగిజలాడే పిల్లాడికి, బిగుతు యూనిఫామ్‌తో, అవతల ఆటో హారన్ కొడుతుండగా చేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

వరండాలో కూర్చునే తల్లుల దగ్గర కాసేపు కూర్చోవడం కూడా చదువే. వైకల్యాన్ని లెక్కగట్టే సదరం క్యాంపులో ఎంత శాతం వేశారు, పింఛను పడిందా, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు వచ్చిందా, అన్నీ అక్కడే తేలతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయని, చాలా రాయితీలకు వైకల్యం 40 శాతం ఉండాలని మనం బట్టీ పట్టాం కానీ, 40కి కాస్త కింద ఆగిపోయిన బిడ్డ తల్లి ముందు కూర్చుంటే ఆ అంకె వేరేలా కనిపిస్తుంది. నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్ గురించి అక్కడ చాలామందికి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి లక్ష రూపాయల వరకు కవర్ ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. దాని ఫారం నింపడానికి సాయం చేయండి, బాల్ పూల్ బంతుల కన్నా అది పనికొచ్చే పని.

ఇక లెక్కల సంగతి. ప్రపంచ ఓటీ సమాఖ్య, అంటే డబ్ల్యూఎఫ్ఓటీ, డిగ్రీకి కనీసం 1,000 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉండాలంటుంది. ఈ శనివారాలు అందులో కలుస్తాయని ఆశ పెట్టుకోకండి, కాలేజీ పంపిన పోస్టింగే లెక్కకు వస్తుంది. బస్సు ఛార్జీలు మీవే. సర్టిఫికెట్ ఇస్తారు, కానీ అడిగి అడిగి నోరు నొప్పి పుట్టాక, అదీ పేరులో అక్షరం తప్పుతో. అలాగని మానేసే ఉద్దేశం నాకు లేదు.

అయిదుకి మూడున్నర. కోసేసిన ఒకటిన్నర ఫొటోలకీ, సూపర్‌విజన్ లేకపోవడానికీ. రెజ్యూమెలో ఒక లైను కోసమైతే వద్దు, ఇంతకన్నా తేలిక దారులున్నాయి. మొదటి ఏడాది వాళ్లు కూడా ఆగండి, కనీసం అనాటమీ అయ్యాక రండి, లేకపోతే చూస్తున్నదేంటో అర్థం కాదు. వచ్చేవాళ్లు గోళ్లు కత్తిరించుకుని, చున్నీ పిన్ను పెట్టుకుని, వాచీ, గాజులు ఇంట్లో వదిలేసి రండి, పాత బట్టలైతే మరీ మంచిది. శనివారం చాలాసార్లు సాంబారే.