మారతహళ్లిలో పైథాన్ పుస్తకం కొనేవాళ్లు జాగ్రత్త

బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దగ్గర, కోచింగ్ సెంటర్ల సందులో ఉన్న ఆ పుస్తకాల షాపు పీజీ హాస్టళ్లలో ఉండే మనవాళ్లందరికీ తెలిసిందే. ఓనరు తెలుగాయనే. "లేటెస్ట్ ఎడిషన్ తమ్ముడూ, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే" అని పైథాన్ అనే కోడింగ్ భాష మీద ఓ లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు. ప్లాస్టిక్ కవరు విప్పనివ్వలేదు. 650 రూపాయలు.

రూముకొచ్చి మొదటి ప్రోగ్రాం కొడితేనే ఎర్రర్. తెర మీద చూపించమని చెప్పే ప్రింట్ అనే కమాండ్ పక్కన బ్రాకెట్లు లేవట. పుస్తకంలోనూ లేవు మరి! పుస్తకంలో ఉన్నట్టే రా_ఇన్‌పుట్ అనే కమాండ్ కొడితే ఆ పేరే తెలీదంటుంది. 7ని 2తో భాగిస్తే పుస్తకంలో జవాబు 3, నా ల్యాప్‌టాప్‌లో 3.5. ఇన్‌స్టాల్ చేయడంలోనే ఏదో తేడా వచ్చిందని దాన్ని పీకి మళ్లీ ఎక్కించా, అంత తెలివి నాది. రూమ్మేట్ చూసి ఒకటే నవ్వు. పుస్తకం పైథాన్ 2ది, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది పైథాన్ 3. పైథాన్ 3 వచ్చిందే 2008లో, పాతదానికి సపోర్టు 2020 జనవరి 1తో ఆపేశారు. లోపల సంవత్సరం ఉండే చోట అంటించిన స్టిక్కరు గీకితే 2011 అని బయటపడింది.

పట్టుకెళ్లి అడిగా. నిన్నటి తమ్ముడు ఇవాళ "ఏం బాబూ" అయిపోయాడు. షాపు నిండా జనం. అందరికీ వినబడేలా, "పుస్తకంలో తప్పుంటుందా? నీకు రావట్లేదని చెప్పు. కోడింగ్ అందరి వల్లా కాదు" అన్నాడు. స్టిక్కరు చూపిస్తే, చింపింది నువ్వే కాబట్టి వాపసు లేదట! కావాలంటే వందకి తీసుకుంటాడట, ఎంత దయో. నేనింకా అక్కడ నిలబడే ఉన్నా, పక్కనున్న అమ్మాయికి అదే పుస్తకం తీసిచ్చి "లేటెస్ట్ ఎడిషన్ అమ్మా" అన్నాడు. నా మొహం చూస్తూనే! "తీసుకోకండి, అది పాతది" అన్నా. "బేరాలు చెడగొట్టకు, బయటికి నడు" అన్నాడు. ఆ అమ్మాయి కొందో లేదో తెలీదు.

కొనేవాళ్లు కవరు విప్పించి మొదటి ప్రోగ్రాం చూడండి. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే అక్కడే పెట్టేయండి. విప్పనివ్వకపోయినా అంతే. అసలు పైథాన్ వాళ్ల సైట్లోనే ట్యుటోరియల్ ఉచితంగా ఉంది. 650 పోయాక తెలిసింది నాకు.