ఇల్లు మారాక పాత చలాన్లు: ఈ-చలాన్ సేవలను కొన్నేళ్లు వాడిన తర్వాత నా సమీక్ష

బెంగళూరు వదిలి విజయవాడలో స్థిరపడినప్పటి నుంచి, కర్ణాటక నంబరు ఉన్న నా కారుపై పడిన చలాన్లను ఆన్‌లైన్‌లోనే చూసుకుంటూ, కట్టుకుంటూ, తప్పుగా పడిన చోట అభ్యంతరం చెప్పుకుంటూ వస్తున్నాను. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్, ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) వివరాలు మార్చుకునే వాహన్ సేవలు, చలాన్ కేసులను ఆన్‌లైన్‌లో పరిష్కరించే వర్చువల్ కోర్టు వెబ్‌సైటు, ఈ మూడింటినీ కొన్నేళ్లుగా వాడిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, జరిమానా కట్టడానికి ఇవి చక్కగా పనికొస్తాయి కానీ, జరిమానా పడిందన్న కబురు ఇల్లు మారినవారికి అందేలా చూడవు. ఆ పని బండి యజమాని తనంతట తాను చేసుకోవలసిందే.

చలాన్ బండి నంబరు మీద పడుతుంది. ఆ నంబరుకు ఆర్‌సీలో ఏ చిరునామా, ఏ ఫోన్ నంబరు నమోదై ఉంటే సమాచారం అక్కడికే వెళ్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేసిన సవరణ ప్రకారం, కెమెరాల ద్వారా గుర్తించిన ఉల్లంఘనకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. దానితోపాటు నంబరు ప్లేటు కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్ ఉండాలి. చలాన్ పరిష్కారమయ్యే వరకు ఆ రికార్డును భద్రపరచాలి కూడా. యజమానికి ఎంతో మేలు చేసే నిబంధన ఇది. అయితే నోటీసు మనం ఖాళీ చేసిన అద్దె ఇంటికి, సందేశం మన చేతిలో లేని ఫోనుకు వెళ్తున్నంత కాలం ఆ మేలు మనదాకా రాదు.

నా విషయంలో ఫోన్ నంబరు దగ్గరే చిక్కు వచ్చింది. కారు కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాలు చూసిన డీలరు నా నంబరుకు బదులుగా తన దుకాణం నంబరును నమోదు చేశాడు. ఇలా చాలామందికి జరుగుతుందని తరువాత తెలిసింది. బెంగళూరులో పడిన చలాన్ల సందేశాలన్నీ ఆ నంబరుకే వెళ్లాయి. ఊరు మారిన చాలాకాలానికి, బీమా పునరుద్ధరణ కోసం బండి వివరాలు తీసినప్పుడు అవి పెండింగులో కనిపించాయి. కనుక కొత్త ఊళ్లో సామాను సర్దుకోవడం పూర్తికాకముందే, ఆర్‌సీలో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో చూసుకోవాలని గట్టిగా చెబుతాను. రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు దగ్గర పెట్టుకుంటే వాహన్ సేవల్లో ఫోన్ నంబరును ఇంట్లో కూర్చునే మార్చుకోవచ్చు. ఈ సేవలన్నింటిలో నాకు అత్యంత ఉపయోగపడింది ఇదే. ఆ తరువాత పడిన చలాన్ల సందేశాలు ఆలస్యం లేకుండా నాకే వస్తున్నాయి.

చిరునామా సంగతి ఇంత తేలిక కాదు. మోటారు వాహనాల చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఇల్లు మారిన 30 రోజుల్లోగా కొత్త చిరునామాను రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. ఇందుకు ఫారం 33 ఉంది. ఒకే రాష్ట్రంలో మారినవారికి దీనితో సరిపోతుంది. రాష్ట్రం మారితే, బండి 12 నెలలకు మించి కొత్త రాష్ట్రంలో ఉండే పక్షంలో 47వ సెక్షన్ కింద అక్కడి నంబరు తీసుకోవాలి, దానికి పాత రాష్ట్రం నుంచి ఫారం 28లో నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. పాత చలాన్లు అసలు అడ్డం పడేది ఇక్కడే. పెండింగు ఉన్నంతవరకు ఆ పత్రం దగ్గర దస్త్రం ఆగిపోతుంది. ఎప్పుడో ఒకసారి కట్టవచ్చులే అనుకునే చిన్న మొత్తం, రోడ్డు పన్ను, కొత్త నంబరు, బండి అమ్మకం వంటి పెద్ద పనులన్నింటినీ నిలిపివేస్తుంది.

ఇక చలాన్లు ఎక్కడ చూడాలన్నది. పరివాహన్ పోర్టల్‌లో చలాన్ నంబరుతో గాని, డ్రైవింగ్ లైసెన్సు నంబరుతో గాని, బండి నంబరుతో గాని వెతకవచ్చు. బండి నంబరుతో వెతికేటప్పుడు చాసిస్ లేదా ఇంజిన్ నంబరులోని చివరి ఐదు అక్షరాలు అడుగుతుంది. ఫొటో స్పష్టంగా తెరుచుకుంటుంది, చెల్లింపు రసీదు వెంటనే వస్తుంది. కానీ దేశంలోని చలాన్లన్నీ ఇక్కడే కనిపిస్తాయని అనుకుంటే పొరపాటే. బెంగళూరు ట్రాఫిక్ పోలీసులకు సొంత వెబ్‌సైటు ఉంది, తెలంగాణ పోలీసులకు సొంత ఈ-చలాన్ పోర్టల్ ఉంది. విజయవాడలో ఉండేవారు హైదరాబాదుకు వెళ్లి రావడం మామూలే కాబట్టి నేను అక్కడ కూడా క్రమం తప్పకుండా చూస్తాను. తెలంగాణ చలాన్‌లో జరిమానాకు అదనంగా 35 రూపాయల యూజర్ చార్జీ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది అక్కడి పద్ధతి. ఒకే బండికి ఇన్నిచోట్ల వెతకవలసి రావడం ఈ వ్యవస్థలో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా అనిపిస్తోంది. పౌరుడికి బండి ఒకటే, నంబరు ఒకటే అయినప్పుడు లెక్క కూడా ఒక్కచోటే ఉండడం న్యాయం.

అభ్యంతరం చెప్పుకునే సదుపాయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక పట్టణంలో నా నంబరు మీద హెల్మెట్ లేదంటూ చలాన్ పడింది. ఫొటోలో ఉన్నది ద్విచక్ర వాహనం, దాని నంబరులో ఒక అంకెను తప్పుగా చదివారు. కారుకు హెల్మెట్ చలాన్ ఏమిటని వదిలేస్తే అదీ పెండింగు జాబితాలో చేరిపోతుంది. పోర్టల్‌లోని ఫిర్యాదు విభాగంలో చలాన్ నంబరు ఇచ్చి, ఆర్‌సీ ప్రతిని, నా కారు ఫొటోను జతచేశాను. వెంటనే జవాబు రాలేదు, మళ్లీ మళ్లీ గుర్తు చేయవలసి వచ్చింది, చివరకు రద్దు చేశారు. ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. డబ్బు కట్టడమంటే ఉల్లంఘనను ఒప్పుకోవడమే. అందుచేత ముందు ఫొటో తెరిచి, బండి మనదేనా, ఆ రోజు ఆ చోట ఉన్నామా అని నిదానంగా చూసుకున్న తరువాతే కట్టాలి. చిన్న మొత్తమే కదా అని తప్పుడు చలాన్లను కూడా కట్టేయమని సలహా ఇచ్చేవారితో నేను ఏకీభవించను.

గడువులోగా కట్టని చలాన్లు కోర్టుకు వెళ్తాయి. ఈ మాట వినగానే, వదిలి వచ్చిన ఊరికి సెలవు పెట్టుకుని వెళ్లాలేమోనని భయం వేస్తుంది. వర్చువల్ కోర్టు ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. ఫోన్ నంబరు, సీఎన్ఆర్ నంబరు (కోర్టు కేసుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), పేరు, చలాన్ లేదా బండి నంబరు, వీటిలో ఏదో ఒకదానితో కేసును వెతికి, విధించిన జరిమానాను అక్కడే చెల్లించవచ్చు. పోరాడదలచుకుంటే ఆ మేరకు ఎంచుకోవచ్చు, అప్పుడు కేసు ఆ ప్రాంతపు సాధారణ కోర్టుకు బదిలీ అవుతుంది. ఊరు మారినవారికి ఈ రెండో దారి ప్రయాణంతో కూడుకున్నది కాబట్టి, చలాన్ కోర్టుకు వెళ్లకముందే అభ్యంతరం తేల్చుకోవడం మేలు.

రాయితీల కోసం ఎదురుచూడడం గురించి చాలామంది అడుగుతారు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగు చలాన్లపై 75 శాతం, 2023 డిసెంబరు చివర మొదలైన విడతలో 80 శాతం తగ్గించారు. కర్ణాటకలో 2023 ఫిబ్రవరిలో సగం తగ్గించారు. ఇవి నిజమే, కానీ మళ్లీ ఎప్పుడు ఇస్తారో ముందుగా తెలియదు, ఈలోగా నిరభ్యంతర పత్రం ఆగిపోయి ఉంటుంది. బండిని కొత్త రాష్ట్రానికి మార్చుకోవలసినవారు వీటి మీద ఆశ పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

ఫోన్ నంబరు మార్చుకున్న తరువాత మరొక జాగ్రత్త అవసరమవుతుంది. ఈ-చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైళ్లు), నకిలీ లింకులు పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు పెరిగాయి. పాత బాకీలు ఉండవచ్చన్న అనుమానంతో ఉన్నవారు వీటికి త్వరగా లొంగుతారు. నేను సందేశంలోని లింకును ఎప్పుడూ నొక్కను. చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉన్న పోర్టల్‌ను నేరుగా తెరిచి, చలాన్ నంబరు అక్కడ ఉంటేనే నమ్ముతాను. కట్టిన ప్రతి రసీదునూ దాచుకుంటాను, ఎందుకంటే చెల్లించిన తరువాత కూడా కొంతకాలం పెండింగు అనే చూపించిన సందర్భాలు ఎదురయ్యాయి. అప్పుడు లావాదేవీ సంఖ్య ఉన్న ఆ రసీదును జతచేస్తూ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే నమోదు సరిచేశారు.