పాత లాప్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్: మూడేళ్లు వాడాక

నా లాప్‌టాప్ అడుగున అరచేయంత మూత ఒకటుంది. ఒక్క స్క్రూ తిప్పితే ఊడొస్తుంది. లోపల ర్యామ్ (తెరిచిన ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) పెట్టే స్లాట్లు రెండు, అందులో ఒకటి ఖాళీ. 2014లో కొన్న మిషన్ ఇది. ఎనిమిదేళ్లు ఆ మూత తీసి చూడనే లేదు. ఈ మిషన్ ఇంకా నా టేబుల్ మీద ఉందంటే ఆ మూత పుణ్యమే.

నాది డీటీపీ పని. పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డు, ఫొటోషాప్‌లో ఫ్లెక్సీ, పక్కన బ్రౌజర్‌లో వాట్సాప్. ఈ మూడూ తెరిస్తే 4 జీబీ ర్యామ్‌తో అంతా బిగుసుకుపోయేది. ముహూర్తాల రోజుల్లో పెళ్లివాళ్లు పక్కనే కూర్చుని పేర్లు సరిచూస్తుంటే, ఒక్క దీర్ఘం దిద్దడానికి నిమిషం ఆగాల్సి వచ్చేది. వాళ్లేమీ అనేవాళ్లు కాదు, నాకే ప్రాణం పోయినట్టుండేది.

2022లో జనగామ నుంచి రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లాను. ఒక షాపులో ‘లాప్‌టాప్‌కి డీడీఆర్3 రకం ర్యామ్, 4 జీబీ’ అని అడిగి తెచ్చుకున్నాను. రాత్రి బ్యాటరీ తీసి, మూత విప్పి, ర్యామ్‌ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమన్నాయి. చక్కగా కూర్చుంది. పవర్ నొక్కాను. లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. స్లాట్లు మార్చాను. ఏం చేసినా అంతే. మర్నాడు ఇవ్వాల్సిన కార్డులు అందులోనే ఉన్నాయి, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. కొత్తది తీసేసి పాతదొక్కటే పెడితే స్క్రీన్ వెలిగింది. హమ్మయ్య అనుకుని, టార్చి వేసి రెండు స్టిక్కర్లూ పక్కపక్కన పెట్టి చదివాను. పాతదాని మీద ‘పీసీ3ఎల్-12800ఎస్’, కొత్తదాని మీద ‘పీసీ3-12800ఎస్’. ఆ ఒక్క ‘ఎల్’ లేదు!

ఎల్ ఉన్నది 1.35 వోల్టుల మీద నడుస్తుంది, లేనిది 1.5 వోల్టులు అడుగుతుంది. నాది ఇంటెల్ నాలుగో తరం ఐ3 యూ ప్రాసెసర్, దానికి తక్కువ వోల్టుదే కావాలి. రెండింటికీ 204 పిన్నులే, గాడి కూడా ఒకే చోట, కాబట్టి దూరడం దూరుతుంది. షాపతను నా మోడల్ అడగలేదు, నేనూ చెప్పలేదు. మళ్లీ రైలెక్కాను. మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు, కానీ రెండో రోజు కూలీ పోయినట్టే.

సరైనది పెట్టాక మూడు ప్రోగ్రాములూ తెరిచి, ఆల్ట్ ట్యాబ్ కొడుతూ ఒకదాన్నించి ఇంకోదానికి ఊరికే తిరిగాను. ఎక్కడా ఆగలేదు. ఈ మూడేళ్లలో ర్యామ్ వల్ల ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు.

అప్పట్లో కనబడినవాళ్లందరికీ ‘కొత్తదానిలా అయిపోయింది’ అని చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. ఆన్ చేశాక విండోస్ లేచే టైమ్ దాదాపు మారలేదు, పాత హార్డ్ డిస్కే కదా. ఆర్నెల్ల తర్వాత హార్డ్ డిస్క్ బదులు దానికన్నా వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించాకే అది తగ్గింది. ఒకేసారి నాలుగైదు తెరిచి పనిచేసేవాళ్లకు ముందు ర్యామ్, ఒకటే తెరిచి వాడుకునేవాళ్లకు ముందు ఎస్ఎస్‌డీ. నాకు తోచింది ఇది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 అర్హుల జాబితాలో నా ప్రాసెసర్ లేదు. అందుకే బ్యాంకు పనులన్నీ ఫోన్‌లోనే, ఇది డిజైన్లకే. 16 జీబీ చేయించమని మా తమ్ముడు అంటున్నాడు. కార్డులకూ ఫ్లెక్సీలకూ నాకు 8 చాలు. వీడియోలు కూడా చేయాలనుకుంటే ఈ ఐ3 మీద ఇంకో రూపాయి పెట్టను. ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చే సన్నటి మోడళ్లకు ఈ దారే లేదు. మూత ఉన్నవాళ్లు షాపుకు వెళ్లేముందు దాన్ని విప్పి, పాత ర్యామ్ స్టిక్కర్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి.